పడవ పొట్టలో నీళ్లు

నా రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్లుందనగా, ఎండలు తగ్గని ఒక జూన్ మొదట్లో, ఆ పడవ పని నా మీద పడింది. అప్పుడు నేను విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ కాలేజీలో, ఫైబర్ ల్యాబ్‌కి టెక్నికల్ ఆఫీసర్ని. ఈ హోదా గురించి ఒక మాట చెప్పుకోవాలి. అధ్యాపకుల దృష్టిలో మేం అధ్యాపకులం కాదు, ఆఫీసు సిబ్బంది దృష్టిలో వాళ్ల మనుషులమూ కాదు. మీటింగుల్లో మా కుర్చీ వెనక వరసలో ఉంటుంది. క్యాంపస్‌లో ఏదైనా పగిలినా, కారినా మాత్రం మొదటి ఫోను మాకే వస్తుంది. గాజు పీచును రెజిన్ అనే జిగురులో తడిపి, పొర మీద పొర పరిచి, గట్టి పలకలు తయారుచేయడం మా ల్యాబ్ పని. జనం ఫైబర్ అనేది దాన్నే. మిద్దెల మీది నీళ్ల ట్యాంకులు, పార్కుల్లో జారుడుబల్లలు, పడవలు అన్నీ ఆ కుటుంబానివే.

ఆ పడవను నేను మొదట చూసింది ల్యాబ్‌లో కాదు, తార్నాక సిగ్నల్ దగ్గర. మా ఫ్లాటు తార్నాకలోనే. ఆటోలో క్యాంపస్‌కి బయల్దేరాను. మెట్రో స్తంభం పక్కన ఒక లారీ, దాని మీద తాళ్లతో కట్టిన పెద్ద తెల్లటి పడవ, దాని వెనక అరకిలోమీటరు ట్రాఫిక్. మా ఆటో పక్కన బైకు మీదున్న ఒకాయన లారీ డ్రైవర్ని గట్టిగా అడిగాడు.

“ఏందన్నా, ఈసారి వానలు గంత జోరుగుంటయా?”

“నాకేం ఎరుకనే. పెద్ద సార్లు సదువుకున్నోళ్లు, ముందుగాలనే తెచ్చి పెట్టుకుంటున్నరు,” అన్నాడు డ్రైవరు.

సిగ్నల్ దగ్గరున్నవాళ్లందరితో పాటు నేనూ నవ్వాను. నేను ల్యాబ్ తాళం తీసి ఫ్యాను వేసుకునేలోపే అదే లారీ మా షెడ్డు ముందుకొచ్చి ఆగింది. దాని ముందు సీట్లోంచి జంతుశాస్త్ర విభాగం ప్రొఫెసర్ యాదగిరి గారు, పెళ్లికొడుకుని తెచ్చినంత హుషారుగా దిగారు.

యాదగిరి గారిది జనగామ వైపు రైతు కుటుంబం. చెరువు నీళ్లలో బతికే, కంటికి కనిపించనంత చిన్న జీవులు ఆయన సబ్జెక్టు. మనిషి మాత్రం కనిపించకముందే వినిపిస్తారు. ఆయన గొంతు కారిడార్ అవతల మొదలైతే మా ల్యాబ్ టెక్నీషియన్ నర్సింగరావు టీ కప్పులు కడగడం మొదలుపెట్టేవాడు. ఆయన దగ్గర స్రవంతి అనే అమ్మాయి పరిశోధన చేస్తోంది. నగర శివార్లలో ఒక పెద్ద చెరువు, వానకు ముందు ఎలా ఉంటుంది, వాన తర్వాత ఎలా మారుతుంది అన్నది ఆమె అంశం. నడి చెరువులో, లోతుల్లోంచి నీటి నమూనాలు తీయాలి. వాన పడకముందు తీసిన నమూనా లేకపోతే, పడ్డాక తీసినదాన్ని దేనితో పోల్చాలో తెలియదు. ఆమె ఫెలోషిప్‌కి అదే చివరి వానాకాలం. అందుకని విభాగం ఒక పడవ కొంది. కొత్తది కాదు. ఎక్కడో రిజర్వాయరులో పర్యాటకులను తిప్పిన పాత బోటు, ఆ వ్యాపారం మానుకున్న ఓనరు అమ్మేశాడు.

“మేడం, మీరు ఒక్క సంతకం వెట్టాలె. ఫిట్‌నెస్ సంతకం,” అన్నారు యాదగిరి గారు. “వీసీ గారితోని ఓపెనింగ్ వెట్టుకున్నం. కార్డులు గూడ ప్రింటయినయి.”

మనుషులను మోసే ఏ యంత్రమైనా, లిఫ్టు కావచ్చు, పడవ కావచ్చు, సంబంధిత టెక్నికల్ ఆఫీసరు చూసి సరే అన్నాకే వాడాలన్నది మా దగ్గర నియమం. ఫైబర్ వస్తువు కాబట్టి ఆ ఆఫీసరు నేను. ఓపెనింగ్ నాడు వైస్ ఛాన్సలర్ గారు, రిజిస్ట్రార్ గారు పడవెక్కి చెరువులో ఒక చుట్టు తిరిగి రావాలన్నది యాదగిరి గారి ఏర్పాటు. సంతకానికి ముందు కార్డులు అచ్చయిన సందర్భాలు నా సర్వీసులో అదివరకూ ఉన్నాయి కాబట్టి నేను ఆశ్చర్యపోలేదు.

ఇక్కడ పడవ కట్టుబడి కొంచెం చెప్పకపోతే తర్వాతి కథ అర్థం కాదు. పైనుంచి చూస్తే ఫైబర్ పడవ ఒకే డొప్పలా కనిపిస్తుంది గానీ అందులో రెండు పొరలుంటాయి. నీటిని తాకేది బయటి గుల్ల. మనం కాళ్లు పెట్టి నిలబడేది లోపలి నేల. ఈ రెండింటి మధ్య జానెడో, మూరెడో ఖాళీ. ఆ ఖాళీలో అడ్డంగా పక్కటెముకల్లాంటి దూలాలు, వాటి మధ్య గదుల్లో ఫోమ్ నింపి ఉంటుంది. గుల్లకు చిల్లు పడినా పడవ తేలుతూ ఉండడానికి ఆ ఫోమ్. లోపలికి చేరే కాస్త చెమ్మ ఒక గదిలోంచి ఇంకో గదిలోకి జారి, చివరికి వెనక అడుగున ఉన్న బిరడా దగ్గరకు రావాలని దూలాలకు చిన్న కంతలు పెడతారు. ఒడ్డుకు చేర్చాక ఆ బిరడా తీస్తే నీళ్లు పోతాయి. కాగితం మీద చాలా మంచి ఏర్పాటు.

నర్సింగరావు బిరడా తిప్పాడు. ముదురు టీ రంగులో నీళ్లు ధారగా వచ్చాయి. ఆ వాసనకి షెడ్డు ముందు నిలబడ్డ విద్యార్థులు ఒక్కొక్కరే మర్యాదగా వెనక్కి తగ్గారు. యాదగిరి గారు మాత్రం ముందుకొచ్చి వంగి చూశారు. చాలాసేపటికి ధార సన్నబడి, చుక్కలయి, ఆగింది. నర్సింగరావు లోపలికి గుడ్డ పెట్టి తుడిచి, పొడిగా ఉందని చూపించాడు.

“అయిపాయె!” అన్నారు యాదగిరి గారు. “కడుపు సాఫయింది. పెట్టుండ్రి మేడం సంతకం.”

నిజం చెప్పాలంటే నాకూ అయిపోయిందనే అనిపించింది. అలవాటు కొద్దీ పర్సులోంచి రూపాయి బిళ్ల తీసి పడవ నేల మీద తట్టుకుంటూ వెళ్లాను. మా పనిలో ఇది మొదటి పరీక్ష. పొడిగా ఉన్న ఫైబర్ మీద నాణెం టంగుమంటుంది. లోపల తడి పట్టినచోట ఆ మోత చచ్చిపోతుంది, తడిసిన అట్టపెట్టె మీద కొట్టినట్టు. కుడివైపు చివరిదాకా టంగుమంది. ఎడమవైపు ముందు భాగంలో అసలు మోతే లేదు. నర్సింగరావు కూడా తట్టి చూసి, “ఈడ పండుకున్నది మేడం,” అన్నాడు.

లోపలి కంతలు ఎక్కడో మూసుకుపోయాయని, వెనక గది మాత్రమే ఖాళీ అయిందని, ముందు గదుల్లో నీళ్లు అలాగే ఉన్నాయని నాకు అనుమానం. యాదగిరి గారితో అదే చెప్పాను. నేల కోసి చూడాలన్నాను. ఆయన ముఖం చూస్తే, ఆయన్నే కోస్తానన్నట్టుంది.

“కొత్తగ కొన్న పడవను కోస్తరా మేడం? ఎండ సూడుండ్రి ఎట్లున్నదో. బయట వెడదాం, రెండు మూడు రోజులల్ల అప్పడం లెక్క ఎండుతది.”

సీలు చేసిన డబ్బాలో నీళ్లు ఎండలో పెడితే వేడెక్కుతాయి గానీ ఎండవని నేనన్నాను. వాదనతో తేలే సంగతి కాదు కాబట్టి తూకం వేద్దామని ఒప్పుకున్నాం. క్యాంపస్ తోట పనుల ట్రాక్టరు ట్రాలీ మీద పడవను ఎక్కించి, మల్కాజ్‌గిరి వైపున్న ఒక పాత ఇనుము గోదాం కాంటాకి తీసుకెళ్లాం. కాంటా మీద కూర్చున్నాయన అద్దాలు సర్దుకుని ఆ పడవనీ, సఫారీ సూటులో ఉన్న ప్రొఫెసరు గారినీ, చీర కొంగు నడుముకి దోపుకున్న నన్నూ మార్చి మార్చి చూశాడు.

“కిలో లెక్కన అమ్ముతున్నరా సార్?”

“అమ్ముడు గాదయ్య, పరీక్ష,” అన్నారు యాదగిరి గారు గంభీరంగా.

పడవ పొడవూ వెడల్పూ, ఫైబర్ మందమూ కొలిచి నేను వేసుకున్న అంచనాకి, ట్రాలీ బరువు పోను కాంటా చూపిన బరువు ఇంచుమించు ఒకటిన్నర రెట్లుంది. మా షెడ్డు ముందు నిప్పులాంటి ఎండలో కొన్నాళ్లు పెట్టి మళ్లీ తీసుకెళ్లాం. కాంటా మీదాయన ఈసారి మమ్మల్ని పాత చుట్టాల్లా పలకరించి టీ చెప్పాడు. బరువు తగ్గలేదు. యాదగిరి గారు టీ తాగుతూ, ముల్లు సరిగా తిరగడం లేదేమోనన్నారు. అది ముల్లున్న కాంటా కాదు, అంకెలు వెలిగే కాంటా. ఆ సంగతి నేను ఎత్తలేదు.

ఇంట్లో మావారు ఈ కథంతా విని, తన కర్నూలు యాసలో ఒకే ఒక్క మాటన్నారు. “ఇంట్లో కుళాయి వారం నుంచి కారతాంది. దాన్ని చూసే టైము లేదు గానీ, ఎవరి పడవలోనో నీళ్లు యాడున్నాయో ఎతుకుతాండావా?”

కోయడానికి యాదగిరి గారు ఒప్పుకోలేదు. సంతకం పెట్టడానికి నేను ఒప్పుకోలేదు. ఓపెనింగ్ దగ్గరకొచ్చేసింది. చివరికి నేనొక మధ్యేమార్గం చెప్పాను. ఓపెనింగ్‌కి ముందు ఖాళీ పడవతో కాదు, పూర్తి బరువుతో ఒక ట్రయల్ వేయాలి. మనుషుల బదులు ఇసుక బస్తాలు పెట్టాలి. ఒడ్డు నుంచి తాడుతో లాగాలి. బస్తాలు నిలబడితే సంతకం పెడతాను. పడవల పనిలో ఇది కొత్తేమీ కాదు. ఎంత బరువుకి పడవ ఎంత మునుగుతోంది, ఎటు వొరుగుతోంది అని అలాగే చూస్తారు. “మీ తృప్తి కోసం కానియ్యుండ్రి,” అన్నారాయన.

ట్రయల్‌కి విద్యార్థులు ఉత్సాహంగా వచ్చారు. ఎవరు ఎక్కడ కూర్చుంటారో ఆ లెక్కన బస్తాలు సర్దాలి కదా అని, వాళ్లు ఒక్కో బస్తా మీద మార్కరుతో పేర్లు రాశారు. ముందు సీట్లో ‘వీసీ గారు’, పక్కన ‘రిజిస్ట్రార్ గారు’, మధ్యలో ‘యాదగిరి సార్’. రిజిస్ట్రార్ గారి బస్తా కొంచెం చిన్నదైందని ఇంకో రెండు పారల ఇసుక పోశారు. ప్రొఫెసరు గారు తన బస్తాను చూసి మురిసిపోయి, మూతి సరిగా కట్టమని చెప్పారు. స్రవంతి మాత్రం నవ్వలేదు. ఆకాశం వైపే చూస్తోంది. నైరుతి మూల అప్పుడప్పుడే మబ్బులు కనిపిస్తున్నాయి.

పడవ నీళ్లలోకి దిగింది. తేలింది. ఎడమవైపు కాస్త వొరిగి ఉన్నా, చూసేవాళ్లకి నిలకడగానే ఉంది. తాడుతో మెల్లగా లాగుతూ చెరువు ఒడ్డు వెంట గంటసేపు అటూ ఇటూ నడిపించాం. యాదగిరి గారు నా వైపు తిరిగి చేతులు కట్టుకుని నవ్వారు. ఇక పడవను మలుపు తిప్పమన్నాను. నిజంగా నడిపేటప్పుడు మలుపులుంటాయి కదా.

తార్నాక దగ్గర మలుపు తిరిగే నీళ్ల ట్యాంకర్లను చూసినవాళ్లకి ఈ సంగతి తెలిసే ఉంటుంది. నిండు ట్యాంకరు బుద్ధిగా తిరుగుతుంది. సగం నిండినది తిరిగేటప్పుడు లోపలి నీళ్లన్నీ ఒకే పక్కకు దూకి బండిని ఆ పక్కకే నెడతాయి. మా పడవలో అదే జరిగింది. నేల కింద దాక్కున్న నీళ్లు ఎడమకు పరుగెత్తాయి. పడవ ఎడమకు వొరిగింది. వొరగడంతో బస్తాలు జారాయి. అవి జారడంతో ఇంకా వొరిగింది. అంచు నీటికి బెత్తెడు ఎత్తులో ఉండగా ముందు సీట్లోని బస్తా తాపీగా దొర్లి, అంచు మీద ఒక్క క్షణం ఆగి, చెరువులో పడింది.

“అయ్యో, వీసీ సార్!” అని ఎవరో అరిచారు.

ఆ బరువు పోవడంతో పడవ వణుకుతూ కొంచెం లేచి నిలబడింది. చెరువు నీళ్లు అంచు మీంచి లోపలికి రాలేదు. ఒడ్డున పట్టలేని నవ్వు. నేనూ నవ్వాను. నవ్వుతూ యాదగిరి గారి వైపు చూసి ఆపేశాను. ఆయన ముఖం తెల్లబోయి ఉంది. ఆయన పడవను చూడటం లేదు, స్రవంతిని చూస్తున్నారు. ఆ పడవలో రోజూ ఎక్కాల్సింది వీసీ గారు కాదు.

సాయంత్రానికల్లా ఆ వీడియో క్యాంపస్‌లో ప్రతి ఫోనులోకీ చేరింది. ‘వీసీ గారి జలప్రవేశం’ అని ఎవరో పేరు కూడా పెట్టారు. మర్నాడు వీసీ గారి ఆఫీసు నుంచి నాకు ఫోనొచ్చింది. పీఏ లైను కలిపాడు. నేను కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడాను, ఆయనకు కనిపించకపోయినా.

“ఏమ్మా, నేను చెరువులో పడ్డానట?”

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పడవ పొట్టలో నీళ్లున్నాయని, బయటకు తీయకుండా ఎవరూ ఎక్కకూడదని.

“మరి నన్ను పైకి తీశారా లేదా?”

“లేదు సార్. అక్కడ లోతెక్కువ.”

ఆయన పెద్దగా నవ్వి, “అయితే తేదీ మీరే చెప్పండమ్మా. నాకేం తొందర లేదు,” అన్నారు.

వీసీ గారు నవ్వారని చెప్పినా యాదగిరి గారు కుదుటపడలేదు. ట్రాలీ మీద పడవ తిరిగొచ్చాక నాతో ముభావంగానే ఉన్నారు. “ఇన్నేండ్ల సర్వీసు మేడం. ఒక్క ఇసుక బస్తతోని ఇజ్జత్ వాయె,” అన్నారు ఒక్కసారి. కోయడానికి మాత్రం ఈసారి అడ్డు చెప్పలేదు.

మొదట వెనక బిరడా తీయించాను. ట్రయల్‌కి ముందు గుడ్డతో తుడిచి పొడిగా మూసిన గదిలోంచి మళ్లీ నీళ్లొచ్చాయి. ముందు గదుల్లో ఇరుక్కున్న పాత నీళ్లు, ఆ కుదుపుకి ఏదో సందులోంచి వెనక్కి కారాయని అనుకున్నాను. నా లెక్కకి అది సరిగ్గా సరిపోయింది. యాదగిరి గారు ఒక గాజు సీసా తెచ్చి, ఆ నీళ్లు కొన్ని పట్టుకుని వెళ్లిపోయారు. నీళ్లు కనిపిస్తే సీసాలో పట్టడం ఆయనకు అలవాటు కాబట్టి నేను పట్టించుకోలేదు.

నర్సింగరావు కటింగ్ మిషనుతో ఎడమవైపు నేల చతురస్రంగా కోసి పలక లేపాడు. కింద ఫోమ్ ఉండాల్సిన రంగులో లేదు. లేత పసుపు బదులు కాఫీ రంగు. వేలితో నొక్కితే నానబెట్టిన రొట్టెలా కుంగి నీళ్లు కక్కింది. మంచి ఫోమ్ నీళ్లు పీల్చదు, దాని లోపలి బుడగలన్నీ విడివిడిగా మూసి ఉంటాయి. కానీ ఏళ్ల తరబడి ఇంజన్ అదురుకి ఆ సన్నటి గోడలు చిట్లి, ఎప్పుడూ నీళ్లలో నానుతూ ఉంటే అది స్పాంజి అయిపోతుంది. తేల్చడానికి పెట్టిందే ముంచే బరువవుతుంది. దూలాల కంతలు చూస్తే, ఫోమ్ పోసినప్పుడే అది పొంగి కంతల్లోకి దూరి గట్టిపడిపోయింది. ముందు గదుల్లోని నీళ్లకి బిరడా ఉన్న సంగతే తెలియదన్నమాట.

నాకు రోగం దొరికింది. తడి ఫోమ్ తీసేయాలి, ఆరబెట్టాలి, కంతలు తెరవాలి, మూసేయాలి. వానలోపు అయిపోతుందని స్రవంతితో చెప్పేశాను కూడా. ఆ మాటకి ఆ అమ్మాయి మొదటిసారి నవ్వింది.

ఆ మధ్యాహ్నం కారిడార్ అవతల యాదగిరి గారి గొంతు మళ్లీ పాత స్థాయిలో వినిపించింది.

“మేడం! మీరొక్కసారి మా ల్యాబ్‌కు రావాలె. ఇప్పుడే.”

మైక్రోస్కోపులో నాకు చూపించినవి ఆకుపచ్చ పోగులు, వాటి మధ్య తల మీద చక్రం తిరుగుతున్నట్టు కనిపించే బుల్లి జీవులు. చురుగ్గా, బతికి ఉన్నాయి.

“ఇవి ఆ నీళ్లల్లవి,” అన్నారాయన. “నెలల తరబడి చీకట్ల మూసివెట్టిన నీళ్లల్ల ఈ పచ్చ నాచు బతకది మేడం. దానికి వెలుగు గావాలె. మరి గిది ఎంత తాజాగున్నదో సూడుండ్రి. మన స్రవంతి పోయిన వారం ఒడ్డు మీదికెళ్లి తెచ్చిన శాంపిల్ పక్కన వెట్టి సూసిన. అచ్చం గదే నాచు, గవే పురుగులు.”

నాకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. “అంటే ఇవి పాత నీళ్లు కావా?”

“కొంత పాతయే ఉండొచ్చు. గని మన చెరువు నీళ్లు మొన్ననే లోపలికొచ్చినయి. ఆ గంటసేపట్లనే. పైనుంచి రాలే, మనం సూసినం గద. కిందికెళ్లి వచ్చినయి. మీ పడవకు యాడనో నోరున్నది మేడం.”

ఆయన ఈ మాట గెలిచినట్టు అనలేదు. తన పురుగుల గురించి మాట్లాడేటప్పుడు ఆయనకి పరువు, పంతం గుర్తుండవు. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆయన ఆ సీసా పట్టి ఉండకపోతే, ఫోమ్ మార్చి, చక్కగా మూసి, నేను సంతకం పెట్టి ఉండేదాన్ని. పడవ ఒక్కో గంటా కొంచెం కొంచెంగా మళ్లీ తాగుతూ ఉండేది. నా రోగనిర్ణయం సగమే. నీళ్లు ఎక్కడున్నాయో కనుక్కున్నాను, ఎటునుంచి వచ్చాయో కాదు.

కారే చోటు వెతకడానికి మా పనిలో తిరగేసిన పద్ధతి ఒకటుంది. నీళ్లలో ఉన్న పడవలోకి నీళ్లు వచ్చే దారి కనిపించదు. అందుకని పడవను స్టాండ్ల మీద ఎత్తి, లోపలే రంగు నీళ్లు పోసి, అవి బయటికి ఎక్కడ వస్తాయో చూస్తారు. యాదగిరి గారు తమ ల్యాబ్‌లో జీవకణాలకు వేసే నీలి రంగు ఒక సీసాడు ఇచ్చారు. వెనక గదిలో నీలి నీళ్లు నింపి, అందరం పడవ కింద చాపలు వేసుకుని పడుకున్నాం. ప్రొఫెసరు గారు కూడా. సఫారీ విప్పి బనీనుతో.

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత స్రవంతి పిలిచింది.

“మేడం, ఇక్కడ!”

ఇంజన్ బిగించే వెనక పలక మీద, ఇప్పటి ఇంజన్ కూర్చునే చోటుకి కొంచెం కింద, తెల్లటి పెయింటులోంచి ఒక నీలి చుక్క. చూస్తుండగానే దాని పక్కన ఇంకొకటి. ఆ కింద మరో రెండు. నాలుగూ కలిపితే సరిగ్గా చదరం. ఎప్పుడో ఆ పడవకి వేరే ఇంజన్ ఉండేది. దాన్ని తీసేశాక బోల్టు కంతలకి గోడలకి పూసే లప్పం పెట్టి పైన పెయింటు కొట్టారు. లప్పం నీళ్లలో ఎంతకాలం ఆగుతుంది? అది మెత్తబడి, పైన పెయింటు మాత్రం కొత్తదానిలా మెరుస్తోంది. ఏళ్ల తరబడి అక్కణ్నుంచి దూరిన నీళ్లే, నానిన ఫోమ్ గుండా మెల్లగా ముందు గదుల్లోకి పాకి, తిరిగి రాలేక అక్కడే ఉండిపోయాయి.

అమ్మినాయనకి యాదగిరి గారు ఫోను చేశారు. అది తన ముందు ఓనరు చేసిన పని అయ్యుంటుందని ఆయన చాలా వినయంగా చెప్పాడు. పాత వస్తువులన్నిటికీ ఒక ముందు ఓనరు ఉంటాడు, అతని ఫోను నంబరు మాత్రం ఎవరి దగ్గరా ఉండదు.

తర్వాత జరిగింది పని. పారలతో, గరిటెలతో, చివరికి హాస్టల్ మెస్సులోంచి తెచ్చిన అట్లకాడలతో తడి ఫోమ్ తవ్వి తీశాం. దూలాల కంతలు తెరిచాం. లోపల ఫ్యాన్లు పెట్టి ఆరబెట్టాం. తడి మీద రెజిన్ పట్టదు. గాలిలో చెమ్మ ఎక్కువైనా సరిగా గట్టిపడదు. అందుకే ఆ రోజుల్లో నేనూ స్రవంతిలాగే ఆకాశం వైపు చూడటం మొదలుపెట్టాను. పొట్ట తెరిచి ఉన్న పడవ షెడ్డులో పట్టక సగం బయటే ఉంది. ఒక సాయంత్రం గాలి లేచి, మబ్బు దిగి, మొదటి చినుకులు పడ్డాయి. యాదగిరి గారు అప్పటికప్పుడు పక్క డిపార్ట్‌మెంటు ఫంక్షన్‌కి వేసిన షామియానా పట్టుకొచ్చేశారు. ఎవరినీ అడగలేదు. నాలుగు కొసలు నలుగురం పట్టుకుని నిలబడ్డాం. ఆయనా ఒక కొస పట్టుకున్నారు.

“మేడం, వాన గట్టిగొస్తే ఏమైతది?” అని అడిగింది స్రవంతి.

“మళ్లీ మొదటి నుంచి ఆరబెట్టాలి,” అన్నాను. ఆమెకు అబద్ధం చెప్పడం నా వల్ల కాలేదు.

వాన గట్టిగా రాలేదు. కాసేపు బెదిరించి బౌద్ధనగర్ వైపు వెళ్లిపోయింది. మర్నాడు మళ్లీ ఎండ కాసింది.

ఆ నాలుగు కంతల చుట్టూ లప్పం గీకేసి, బలానికని ఆ పలక లోపల పెట్టిన చెక్కలో తడిసినంత మేర తీసేసి, రెండు వైపులా గాజు పీచు పొరలు వేసి మూశాం. నేల కింద మళ్లీ ఫోమ్ పోయలేదు. గాలి చొరకుండా సీలు చేసిన ప్లాస్టిక్ డబ్బాలు, కదలకుండా పట్టీలతో కట్టి పెట్టాం. తేలడానికి అవి చాలు, తడిస్తే తీసి తుడవొచ్చు. ప్రతి గది మీదా చేయి పట్టేంత తిరిగే మూత బిగించాం. మూతలు చూడటానికి బాలేవని యాదగిరి గారన్నారు. చేయి పెట్టి చూసుకోవడానికి బాగుంటాయన్నాను. మూతలు ఉండిపోయాయి. కాంటాకి తీసుకెళ్తే బరువు నా అంచనా దగ్గరికి వచ్చింది. బస్తాలతో మళ్లీ ట్రయల్ వేశాం. ఎన్ని మలుపులు తిప్పినా పడవ బుద్ధిగా ఉంది. ఒడ్డుకు చేర్చాక మూతలన్నీ తీసి గుడ్డ పెట్టి చూశాం. గుడ్డ పొడిగా వచ్చింది. అప్పుడు సంతకం పెట్టాను.

ఓపెనింగ్ వాయిదా అలాగే ఉండగా, స్రవంతి ముందు తన పని మొదలుపెట్టింది. పండగ కంటే పని ముందు అన్నది యాదగిరి గారే. లైఫ్ జాకెట్లు వేసుకుని నడి చెరువుకి వెళ్లి, వాన పడకముందు నమూనాలు రెండు విడతలు తీయగలిగారు. మూడో విడత తీయాల్సిన నాడు అసలు వాన వచ్చేసింది. రెండు విడతలు సరిపోవని ఒక పరీక్షకుడు తర్వాత రాశాడట. మూడో విడత ఎందుకు లేదో ఆ అమ్మాయి థీసిస్‌లో ఒక పేరా రాసి వివరించింది. డిగ్రీ వచ్చింది. వానాకాలం మధ్యలో ఒక తెరిపి రోజున వీసీ గారు వచ్చి పడవెక్కారు. ఎక్కుతూ నన్ను కూడా ఎక్కమన్నారు. సంతకం పెట్టినవాళ్లు ఒడ్డున ఉండటం న్యాయం కాదన్నారు. ఎక్కాను.

నా తర్వాత ఆ ల్యాబ్‌కి వచ్చినవారికి ఈ సంగతి రెండు మాటల్లో చెప్పి వచ్చాను. బిరడా దగ్గర ధార ఆగిందంటే, బిరడా దాకా రాగలిగిన నీళ్లు అయిపోయాయని మాత్రమే అర్థం, లోపల పొడిగా ఉందని కాదు. ఇక ఉన్న నీళ్లు తీయడం ఎంత పనో, అవి వచ్చిన దారి కనుక్కోవడం అంతకంటే పెద్ద పని. ఆ దారి మన చదువుతో కనిపించకపోతే, నీళ్లను వేరేలా చదివేవాళ్లకు ఒక సీసాడు పట్టి పంపాలి. ఆ జవాబు వచ్చేదాకా పడవ మూయకూడదు.